పక్షుల్ని చూడటం అలవాటు చేసుకోవాలంటే: మొదటి 90 రోజులకు సమగ్ర మార్గదర్శి

"ఎలా మొదలుపెట్టాలి?" అని ఈ మధ్య అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆఫీసులో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో, పెళ్లి భోజనాల దగ్గర. ఐదు నిమిషాల్లో చెబితే సగమే చెప్పినట్టవుతోంది. అడిగినవాళ్లలో చాలామంది బైనాక్యులర్ కొని, ఒక ఆదివారం ఎక్కడికో వెళ్లొచ్చి, మూడో వారానికి మానేస్తున్నారు. అందుకే అంతా వరుసగా రాస్తున్నాను.

నాకు ఈ అలవాటు వచ్చి ఆరేళ్లయింది. పొద్దున లేవగానే ఫోన్ పట్టుకోవడం పోయింది. ఇంకో మార్పు నేను అనుకోనిది. రేపల్లె దగ్గర పల్లెలో ఉండే మా నాన్నతో ఫోన్లో "భోంచేశావా, మాత్ర వేసుకున్నావా" దాటి మాట సాగేది కాదు. ఇప్పుడు అరగంట మాట్లాడుకుంటున్నాం. అదెలాగో పేర్ల దగ్గర చెబుతాను.

మీకు వచ్చే మార్పు వేరే ఉండొచ్చు. అది రావాలంటే మాత్రం ఒక పని తప్పదు: ఒకే చోటికి, మళ్లీ మళ్లీ వెళ్లడం. దూర ప్రయాణాలు, కెమెరాలు అన్నీ దాని తర్వాతే.

## 1. ముందు చోటు, వేళ ఖాయం చేసుకోండి

అడవికి వెళ్లక్కర్లేదు. ఇంటి నుంచి పది నిమిషాల నడకలో ఉన్న చోటు చాలు. డాబా, బాల్కనీ, కాలనీ పార్కు, చెరువు కట్ట, కాలువ గట్టు, ఏదైనా సరే. వాన తగ్గిన పూట కూడా బద్ధకించకుండా వెళ్లగలిగేంత దగ్గరగా ఉండాలి.

చోటు ఎంచుకునేటప్పుడు ఇవి చూసుకోండి:

- కనీసం ఒక పెద్ద చెట్టు. రావి, మర్రి, వేప, చింత ఉంటే మరీ మంచిది.
- దగ్గర్లో కాస్త నీళ్లు. మురుగు కుంట అయినా పక్షులు వస్తాయి.
- పైన కరెంటు తీగలు. పక్షి ఆకుల్లో దాక్కోకుండా బయట కూర్చునేది అక్కడే.
- సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడే వీలు. ఎదురెండలో ఏ పక్షైనా నల్లగానే కనిపిస్తుంది.

మర్రి, రావి కాయలు పండిన రోజుల్లో ఆ చెట్టు కింద అరగంట నిలబడితే కోకిల, గోరింక, పిగిలిపిట్ట (బుల్‌బుల్), కంసాలిపిట్ట (బార్బెట్) అన్నీ అక్కడే దొరుకుతాయి. వేసవికి ముందు బూరుగు, మోదుగ పూసినప్పుడు తేనె కోసం గోరింకలు గుంపులుగా వాలతాయి. మీ వీధిలో ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఎప్పుడు కాస్తుందో గమనించడం దగ్గరే ఈ పని సగం మొదలవుతుంది.

వేళ: తెల్లవారిన తర్వాత మొదటి రెండు గంటలు. వేసవిలో ఎనిమిదింటికే పక్షులు నీడ చూసుకుని అణిగిపోతాయి. పొద్దున కుదరనివాళ్లకు పొద్దుగూకే ముందు గంట రెండో మంచి వేళ. మధ్యాహ్నం వెళ్లి "ఏమీ లేవండీ" అని తిరిగొచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ఎంతసేపు: 20 నిమిషాలు. వారానికి నాలుగు రోజులు. ఆదివారం మూడు గంటలు వెళ్లి మిగతా వారమంతా వదిలేయడం కంటే ఇది ఎంతో పని చేస్తుంది.

దీన్ని ఇప్పటికే ఉన్న ఏదో ఒక పనికి ముడివేయండి. పాల ప్యాకెట్ తెచ్చాక, కాఫీ గ్లాసుతో డాబా మీదికి, పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించాక. విడిగా టైమ్ పెట్టుకుంటే పది రోజుల్లో జారిపోతుంది.

## 2. సామాన్లు: మొదటి నెల ఒక నోట్‌బుక్ చాలు

మొదటి 30 రోజులు బైనాక్యులర్ కొనకండి. ఇది డబ్బు మిగుల్చుకోవడానికి చెప్పడం లేదు. ఉత్త కళ్లతో చూసినప్పుడు పక్షి కదలిక, ఎగిరే తీరు, కూర్చునే తీరు పట్టుబడతాయి. బైనాక్యులర్‌తో మొదలుపెట్టినవాళ్లు రంగులే చూస్తారు, అవే గుర్తుపెట్టుకుంటారు, తీరా వెలుతురు మారేసరికి తికమకపడతారు.

నెల దాటాక కొనాలనిపిస్తే 8x42 తీసుకోండి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని. 42 అంటే ముందున్న అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. అది పెద్దదైతే మసక వెలుతురులో బాగా కనిపిస్తుంది. 10 రెట్లు, 12 రెట్లు అన్నవి కొత్తవాళ్ల చేతిలో వణుకుతాయి. పైగా కనిపించే మేర తగ్గిపోతుంది, పక్షిని వెతికి పట్టుకోవడమే కష్టమవుతుంది. జూమ్ ఉన్నవి, బొమ్మల దుకాణంలో దొరికేవి అసలు వద్దు. కొనేముందు షాపు బయటికొచ్చి, దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు చదివి చూడండి.

కొన్నాక చాలామంది చేయని పని ఒకటుంది. దాన్ని మీ కళ్లకు సరిచేసుకోవాలి:

1. కళ్లజోడు ఉంటే కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని లోపలికి తిప్పండి. లేకపోతే బయటికి లాగండి.
2. రెండు గొట్టాల్నీ దగ్గరికి, దూరానికి జరుపుతూ రెండు గుండ్రాలు ఒకటే గుండ్రంగా కలిసేలా పెట్టండి.
3. కుడి కన్ను మూసి, ఎడమ కంటితో ఒక ఆకునో బోర్డునో చూస్తూ మధ్యలో ఉన్న చక్రం తిప్పి స్పష్టంగా చేసుకోండి.
4. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరున్న చిన్న రింగు తిప్పి అదే ఆకును స్పష్టంగా చేసుకోండి. కొన్ని మోడళ్లలో ఈ రింగు వేరేచోట ఉంటుంది.
5. ఆ రింగు ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. ఇక ఎప్పుడూ మధ్య చక్రం ఒక్కటే తిప్పాలి.

ఈ నాలుగు నిమిషాల పని చేయకుండా "తలనొప్పి వస్తోంది" అని బైనాక్యులర్‌ను అల్మారాలో పెట్టేసినవాళ్లు ఉన్నారు.

వాడేటప్పుడు చూపు పక్షి మీద నుంచి తిప్పకండి. కళ్లు అక్కడే ఉంచి, బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. కింద చూసి, దాన్ని సర్దుకుని, మళ్లీ పైకి చూస్తే ఈలోగా పక్షి ఎగిరిపోతుంది. దానితో సూర్యుడి వైపు ఒక్క క్షణం కూడా చూడొద్దు. పిల్లల చేతికిచ్చేముందు ఈ మాట తప్పకుండా చెప్పండి.

బయల్దేరే ముందు:

- చిన్న నోట్‌బుక్, పెన్సిల్ (తడిసినా పెన్సిల్ రాత చెరగదు)
- టోపీ, నీళ్ల సీసా
- మట్టి రంగు, ఆకుపచ్చ, బూడిద రంగు బట్టలు. తెలుపు, ఎరుపు వద్దు
- చెరువు గట్టుకైతే చెప్పులు కాదు, బూట్లు
- ఫోన్ సైలెంట్‌లో

## 3. కొలబద్దలుగా నాలుగు పక్షులు

కొత్త పక్షిని చూసి "చిన్నది", "పెద్దది" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. అందుకని ముందు నాలుగింటిని కళ్లు మూసుకున్నా కనిపించేంత గట్టిగా నేర్చుకోండి: పిచ్చుక, గోరింక, కాకి, గద్ద. ఇక మీద ప్రతిదాన్నీ వీటితో పోల్చి చెప్పుకోవాలి. "గోరింక కంటే చిన్నది, పిచ్చుక కంటే పెద్దది" అన్నారంటే పిగిలిపిట్ట దరిదాపుల్లోకి వచ్చేసినట్టే.

మీ ఊళ్లో పిచ్చుకలు కనపడకపోతే ఆ స్థానంలో తేనెపిట్టను పెట్టుకోవద్దు, అది పిచ్చుక కంటే బాగా చిన్నది. పిచ్చుకలున్న చోటికి ఒక్కసారి వెళ్లి చూసిరండి. పాత కిరాణా వీధులు, ధాన్యం దించే చోట్లు వెతకండి.

తర్వాత తికమకపెట్టే జంటల్ని విడదీసుకోవాలి:

కాకి, కోకిల, జెముడుకాకి. ఊరకాకికి మెడ బూడిద రంగు. బొంతకాకి మొత్తం నలుపు, ముక్కు లావు. మగ కోకిల కూడా నలుపే, కానీ సన్నగా ఉంటుంది, తోక పొడుగు, కళ్లు ఎర్రన, ముక్కు లేత ఆకుపచ్చ. ఆడ కోకిల గోధుమ రంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది. దాన్ని చూసి వేరే పక్షి అనుకోనివాళ్లు అరుదు. జెముడుకాకికి రెక్కలు ఇటుక రంగు. అది ఎగరడం కంటే పొదల కింద నడవడమే ఎక్కువ.

గద్ద, గరుడ పక్షి. మామూలు గద్ద తోక చివర చీలినట్టుంటుంది. గరుడ పక్షికి తల, రొమ్ము తెలుపు, ఒళ్లంతా ఇటుక రంగు, తోక చివర గుండ్రం.

తెల్లకొంగ, గుడ్డికొంగ. గుడ్డికొంగ కూర్చున్నప్పుడు మట్టిలో కలిసిపోతుంది. ఎగిరిన మరుక్షణం తెల్లటి రెక్కలు బయటపడతాయి.

పసులపోలిగాడు. నల్లగా, నిగనిగలాడుతూ, తోక రెండుగా చీలి ఉంటుంది. తీగ మీద నుంచి గాల్లోకి దూకి పురుగును పట్టుకుని మళ్లీ అక్కడికే వస్తుంది. గేదెల వీపు మీద కూర్చునేదీ ఇదే.

ఈ పేరు నాకు మా నాన్న చెప్పాడు. నేను ఇంగ్లీషు పేరు చెప్పి, తోక ఇలా ఉంటుంది అని ఫోన్లో వర్ణిస్తుంటే, "ఒరేయ్, పసులపోలిగాడు రా అది, గేదెల్ని తోలుకెళ్లినప్పుడు రోజూ చూసేవాణ్ణి" అన్నాడు. ఆ రోజు నుంచి వారానికో పక్షిని ఆయన్ని అడుగుతున్నాను. ఆయనే ఎదురు ఫోన్ చేసి, దమ్ము చేసే ట్రాక్టర్ వెనక ఎన్ని కొంగలు పడ్డాయో, చేలో నత్తగుల్ల కొంగలు దిగాయో లేదో చెబుతాడు.

కాబట్టి ఇది కూడా ఒక మెట్టుగా పెట్టుకోండి: మీ ఇంట్లోనో ఊళ్లోనో పెద్దవాళ్లను పేర్లు అడగండి. ఫొటో చూపించడం కంటే తీరు చెప్పి అడగండి. ఒకే పక్షికి ఊరికో పేరు ఉంటుంది, అన్నీ రాసుకోండి.

## 4. పక్షి కనిపించిన పది సెకన్లలో ఏం చూడాలి

వరుస ముఖ్యం. రంగు చివర.

1. సైజు: నాలుగు కొలబద్దల్లో దేనికి దగ్గర?
2. ముక్కు: పొట్టిదా, సూదిలా ఉందా, వంకరా, బల్లెంలా ఉందా? ఏం తింటుందో ముక్కే చెబుతుంది.
3. తోక: పొడుగా, చీలిందా, ఎత్తి పెడుతోందా, ఊపుతోందా?
4. ఏం చేస్తోంది: నేల మీద గెంతుతోందా, నడుస్తోందా? కాండం మీద నిలువుగా పాకుతోందా? నీటి మీద నిలబడినట్టు రెక్కలాడిస్తోందా?
5. రంగు: ఒకే ఒక్క గుర్తు చాలు. కంటి పైన గీత, తోక కింద ఎరుపు (పిగిలిపిట్ట), కంటి చుట్టూ పసుపు (గోరింక).

ఇవి నోట్‌బుక్‌లో రాశాకే ఫోన్ తీయండి. బొమ్మ గీయడం రాకపోయినా గీయండి. కోడిగుడ్డు ఆకారం, దాని మీద చిన్న గుండ్రం, ముక్కు, తోక, అంతే. గీసేటప్పుడే మీరు ఏం చూడలేదో తెలిసిపోతుంది.

## 5. చెవులు తెరవండి

పక్షి ముందు వినిపిస్తుంది, తర్వాత కనిపిస్తుంది. ప్రతి 20 నిమిషాల్లో మొదటి మూడు నిమిషాలు కళ్లు మూసుకుని వినండి. ఎన్ని రకాల గొంతులో వేళ్ల మీద లెక్కపెట్టండి.

సులభంగా పట్టుబడేవి: చెట్టు కొమ్మన రాగిబిందె కొడుతున్నట్టు "టుంక్ టుంక్" అని ఆగకుండా వినిపిస్తే కంసాలిపిట్ట. పొదల్లోంచి బరువుగా "ఊప్ ఊప్ ఊప్" అంటే జెముడుకాకి. బీడు భూమిలో మీరు అడుగుపెట్టగానే గోల చేస్తూ పైన తిరిగితే తీతువు. అది నేల మీదే గుడ్లు పెడుతుంది కాబట్టి అక్కడి నుంచి వెనక్కి వచ్చేయండి.

ఇంకో సంగతి. గోరింకలు, ఉడతలు, కాకులు కలిసి ఒక్కసారిగా అరుస్తుంటే అక్కడ డేగో, పిల్లో, పామో ఉన్నట్టు. అటే చూడండి.

మెర్లిన్ అనే ఉచిత యాప్ గొంతు విని పేరు సూచిస్తుంది. అమెరికాలో పక్షుల మీద పరిశోధన చేసే కార్నెల్ ల్యాబ్ వాళ్లది. మంచిదే. కానీ అది చెప్పింది సూచన మాత్రమే. పక్షిని కళ్లతో చూసి సరిపోల్చాకే పేరు రాసుకోండి. ఫోన్లో పక్షి గొంతు వినిపించి దాన్ని బయటికి రప్పించే పని మాత్రం చేయొద్దు. వేరే పక్షి తన చోటులోకి వచ్చిందనుకుని అది తిండి మాని, గూడు వదిలి పోట్లాటకు వస్తుంది.

## 6. రాయడం

రోజూ రాయాల్సినవి ఆరు: తేదీ, మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ, చోటు, వాతావరణం, ఏవి ఎన్ని. ఏడోది మీ ఇష్టం: ఆ రోజు చూసిన ఒక్క సంఘటన.

"కాకులే, ఏముంది రాయడానికి" అనుకోవద్దు. కాకులు ఎన్ని అన్నది కూడా రాయండి. మామూలువాటి లెక్కే ఆరునెలల తర్వాత ఏదైనా చెబుతుంది. నా నోట్‌బుక్‌లో వెనక్కి తిప్పి చూస్తే, మా వీధి వేపచెట్టు కొట్టేసిన వారం నుంచి కంసాలిపిట్ట అన్న మాట మళ్లీ కనిపించలేదు. రాయకపోయి ఉంటే అది పోయిందని కూడా నాకు తెలిసేది కాదు.

రెండో నెల నుంచి ఈబర్డ్‌లో (చూసిన పక్షుల్ని నమోదు చేసుకునే వెబ్‌సైట్, యాప్) ఖాతా తెరిచి అందులోనూ పెట్టండి. ఉచితం. పరిశోధన చేసేవాళ్లు ఈ లెక్కల్ని వాడతారు కనుక తెలియని దానికి ఊహించి పేరు పెట్టకండి. "ఏదో డేగ" అని వదిలేసే వీలు అందులోనే ఉంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. కనీసం 15 నిమిషాలు చూసి నమోదు చేస్తే చాలు. మొదటిసారి లెక్క పెట్టడానికి అంతకంటే తేలిక సందర్భం లేదు.

## 7. మొదటి ప్రయాణం, 60 రోజులు దాటాకే

అంతకు ముందే వెళితే వందల పక్షుల్ని చూసి, ఒక్కటీ చూడకుండా తిరిగొస్తారు.

వలస పక్షులు ఎక్కువగా అక్టోబరు నుంచి మార్చి వరకు ఉంటాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు కొత్తవాళ్లకు చాలా మంచిది. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీద దగ్గరగా కనిపిస్తాయి, ఉత్త కళ్లకే అందుతాయి. శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం, కైకలూరు దగ్గర ఆటపాక, సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు కూడా ఇలాంటివే. పులికాట్‌లో రాజహంసల (ఫ్లెమింగోల) కోసమైతే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా పోతుంది, నెమ్మదిగా ఆగుతూ వెళ్లండి. హైదరాబాద్ వాళ్లకు అమీన్‌పూర్ చెరువు ఉంది, 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. సంగారెడ్డి వైపు మంజీర కూడా చూడొచ్చు.

పొద్దున ఆరున్నరకల్లా అక్కడ ఉండాలి. అంటే ముందురోజు త్వరగా పడుకోవాలి. గుంపుగా వెళితే నలుగురు మించొద్దు. ఉప్పలపాడు లాంటి ఊళ్లలో కాసేపు అక్కడివాళ్లతో మాట్లాడండి. ఏ నెలలో ఏవి వస్తాయో వాళ్లకు బాగా తెలుసు.

## 8. ఎక్కువగా జరిగే తప్పులు

కెమెరాతో మొదలుపెట్టడం. నేను చేసిన పెద్ద తప్పు ఇదే. మొదటి ఏడాది నాలుగు వేల ఫొటోలు తీశాను. ఆ పక్షులు ఏం చేస్తుండగా తీశానో పదింటికి కూడా చెప్పలేను. ఆరునెలలు కెమెరా ఇంట్లో పెట్టేశాక చూడటం వచ్చింది. మీకు ఫొటోలంటే ఇష్టమైతే తీయండి, కానీ వారానికి ఒక్కరోజే.

మూడో వారం నీరసం. అవే పన్నెండు పక్షులు. విసుగొస్తుంది. ఇక్కడే చాలామంది మానేస్తారు. మందు: కొత్తవి వెతకడం ఆపి, వారమంతా ఒక్క పక్షినే చూడండి. నేను గోరింకల జంటను పట్టుకున్నాను. ఏ కన్నంలోకి దూరుతున్నాయి, ఏ వేళకు వస్తున్నాయి, ఏది ముందు వస్తోంది. ఏడు రోజులు సరిపోలేదు.

గూటి దగ్గరికి వెళ్లడం. వానాకాలంలో ఈతచెట్లకు, తాటిచెట్లకు గిజిగాడు గూళ్లు వేలాడుతుంటే దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది. దూరం నుంచే చూడండి. మీరు వెళ్లిన దారినే కాకి వెళుతుంది. గూటి ఫొటోలు, ఆ చోటు వివరాలు ఎవరికీ పంపకండి.

కింద పడ్డ పిల్లను ఇంటికి తేవడం. ఈకలు వచ్చి గెంతుతున్న పిల్ల అయితే ఎగరడం నేర్చుకుంటోంది, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. పిల్లి, కుక్క అందుకోకుండా పక్కనున్న కొమ్మ మీద పెట్టి వచ్చేయండి. ఈకలే రాని పిల్ల అయితే, గూడు అందుబాటులో ఉంటే మళ్లీ అందులో పెట్టండి. మనిషి ముట్టుకుంటే తల్లి రానివ్వదన్న మాట నిజం కాదు. రామచిలుకను పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, ఎవరు తెచ్చిచ్చినా తీసుకోకండి.

లెక్కల పోటీ. వాళ్లు 200 రకాలు చూశారట, నాకు 40 దాటలేదు అన్న టెన్షన్ పెట్టుకోకండి. మీ చోట 40 రకాలున్నాయంటే అది మంచి చోటు.

## 9. 90వ రోజున

మొదటి రోజు రాసిన పేజీ, ఆ రోజు రాసిన పేజీ పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత ఈ ప్రశ్నలకు నోట్‌బుక్ చూడకుండా జవాబులు రాయండి:

- మీ చోట అన్నిటికంటే ముందు కూసేది ఏది?
- ఈ మూడు నెలల్లో కొత్తగా వచ్చిందేది, వెళ్లిపోయిందేది?
- కళ్లు మూసుకుని ఎన్ని గొంతులు గుర్తుపట్టగలరు?
- ఏ చెట్టు కింద ఎక్కువసేపు నిలబడ్డారు?

రెండిటికి జవాబు రాకపోతే చోటు మార్చకండి, ఇంకో నెల అక్కడే ఉండండి. నాలుగింటికీ వస్తే మీ పక్కింటి పిల్లల్లో ఒకరిని 20 నిమిషాలు వెంట తీసుకెళ్లండి. వాళ్లు వేసే ప్రశ్నల్లో సగానికి మీ దగ్గర జవాబుండదు. ఆ రాత్రి ఊరికి ఫోన్ చేసి అడగండి.